గో భాషలో జెనరిక్ ఫంక్షన్‌కు ‘కంపారబుల్’ షరతు ఎలా పెట్టాలి?

స్లైస్‌లో (విలువల వరుసలో) ఒక విలువ ఎన్నో స్థానంలో ఉందో వెతికే జెనరిక్ ఫంక్షన్ (పలు టైపులకు పనిచేసేది) రాస్తున్నారనుకుందాం. టైప్ పారామీటర్‌కు (ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు తేలే టైప్‌కు పెట్టిన పేరు) ‘ఎనీ’ (any, ఏ టైపైనా సరే) అని షరతు పెట్టి లోపల == వాడితే కంపైలర్ ఒప్పుకోదు. ‘ఎనీ’ కింద స్లైస్, మ్యాప్, ఫంక్షన్ కూడా రావచ్చు. వాటిని నిల్‌తో తప్ప ఇంకదేనితోనూ పోల్చలేం.

1. ఫంక్షన్ పేరు పక్కన [టి కంపారబుల్] (T comparable, == తో పోల్చదగిన టైప్) అని పెట్టండి. కోడ్‌లో ‘కంపారబుల్’ అనే మాటకు ఇంగ్లిష్ చిన్నక్షరాలే వాడాలి. ఇది గో వెర్షన్ 1.18 (మార్చి 2022) నుంచి భాషలోనే ఉంది, ఇంపోర్ట్ అక్కర్లేదు. ఇక ==, != పనిచేస్తాయి. < పనిచేయదు, దానికి 1.21లో వచ్చిన సీఎంపీ ప్యాకేజీలోని ‘ఆర్డర్డ్’ కావాలి.

2. టైప్ పారామీటర్‌ను మ్యాప్ కీగా వాడినా ఇదే షరతు పెట్టాలి.

3. స్ట్రక్ట్ పంపేముందు ఫీల్డులు చూసుకోండి. ఒక్క స్లైస్ ఫీల్డున్నా మొత్తం స్ట్రక్ట్ చెల్లదు. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ లాంటివాటిని బైట్ల స్లైస్‌గా కాక 32 బైట్ల అర్రేగా ఉంచితే చిక్కు తీరుతుంది.

4. ఈ ఫంక్షన్‌ను మరో జెనరిక్ ఫంక్షన్ తన టైప్ పారామీటర్‌తో పిలిస్తే, దానికీ ‘కంపారబుల్’ పెట్టండి. అక్కడ ‘ఎనీ’ ఉంటే కంపైల్ కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంటర్‌ఫేస్‌ల దగ్గర. 1.18, 1.19లలో మామూలు ఇంటర్‌ఫేస్ టైప్‌ను ‘కంపారబుల్’ స్థానంలో ఇస్తే కంపైలర్ తిప్పికొట్టేది. మ్యాప్ కీగా చెల్లే ‘ఎనీ’ ఇక్కడ చెల్లకపోవడం చాలామందికి అడ్డంకైంది. 1.20 (ఫిబ్రవరి 2023) ఆ అడ్డు తీసేసింది, ప్రాజెక్ట్ వివరాలుండే గో.మాడ్ (go.mod) ఫైల్‌లో గో వెర్షన్ 1.20 లేదా ఆపైన ఉంటేనే. అయితే రెండు ‘ఎనీ’ విలువల్లోనూ ఒకే రకం స్లైస్ ఉంటే, == దగ్గర ప్రోగ్రామ్ నడుస్తుండగానే పానిక్ (లోపంతో ఆగిపోవడం) అవుతుంది. బయటినుంచి వచ్చే జేసన్‌ను ‘ఎనీ’లోకి డీకోడ్ చేసే కోడ్‌లో ఈ ప్రమాదం నిజంగా ఉంది: జేసన్ అర్రే స్లైస్‌గానే వస్తుంది.

అలాంటిచోట షరతును ‘ఎనీ’గానే వదిలి, పోల్చే పనిని ఒక ఫంక్షన్‌గా పంపించుకోండి. 1.21 స్లైసెస్ ప్యాకేజీలోని ‘ఇండెక్స్‌ఫంక్’ చేసేదదే.

ఫ్లోట్64 ‘కంపారబుల్’కు సరిపోతుంది కానీ, నాన్ (NaN, ‘సంఖ్య కాదు’ అని సూచించే ఫ్లోట్) విలువ తనతో తాను కూడా సమానం కాదు. నాన్‌ను మ్యాప్‌లో కీగా పెట్టాక ఆ కీతో వెతికితే దొరకదు, డిలీట్‌తో పోదు. మ్యాప్ మొత్తాన్ని ఖాళీ చేయడానికి 1.21లో వచ్చిన ‘క్లియర్’ వాడితేనే పోతుంది.