శ్రమలకాలం గురించి స్త్రీల కూడికలో పాఠం చెప్పాలంటే

మా వీధిలో శుక్రవారం కూడికలో వాక్యం చెప్పేది నేనే. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం తెరిచి, లోకాంతానికి ముందు వచ్చే ఘోర కష్టాల కాలం, అంటే శ్రమలకాలం, గురించి చెప్పగానే పెద్దావిడలు అడిగేది ఒకటే: "శ్రమలకు ముందే ప్రభువు మనల్ని పరలోకానికి ఎత్తేసుకుంటాడా అమ్మా, అందులోనే ఉంచుతాడా?"

ప్రకటనలో చెప్పిన మృగం, దాని సంఖ్య 666తో మొదలుపెట్టకండి, గంట అక్కడే అయిపోతుంది. ముందు నిర్గమకాండం 8, 9 అధ్యాయాలు చదివించండి. ఐగుప్తంతా ఈగలు ముసిరాయి, వడగండ్లు పడ్డాయి, ఇశ్రాయేలీయులు ఉండే గోషెనులో తప్ప. వాళ్లు మాత్రం ఇంకా ఐగుప్తులోనే ఉన్నారు. తర్వాత ప్రకటన 7లో నొసళ్ల మీద ముద్ర, 9:4లో ఆ ముద్ర లేనివాళ్లకే మిడతల బాధ. పోలిక వాళ్లే పట్టేస్తారు.

ప్రకటన 3:10 దగ్గర నిదానించండి. మన పాత అనువాదంలో "శోధన కాలములో" కాపాడతానని యేసు అన్నట్టు ఉంది. గ్రీకులో ఉన్న "ఎక్" అంటే "నుండి". సంఘాల వాదమంతా ఈ "లో"కీ "నుండి"కీ మధ్యే. యోహాను 17:15లోనూ అదే క్రియ, అదే "ఎక్": లోకంలోంచి తీసుకుపొమ్మని కాదు, దుష్టుడి నుండి కాపాడమని. అందుకే నేను "లో" వైపు, అంటే శ్రమల్లోనే ఉంచి కాపాడతాడని. ముందే ఎత్తబడతామని నమ్మే అక్కలుంటే వాళ్లనీ మాట్లాడనివ్వండి, దేవుడు మనల్ని ఉగ్రతకు నియమించలేదనే 1 థెస్సలొనీకయులకు 5:9 చూపిస్తారు.

ప్రకటన 2:10 మాత్రం దాటేయొద్దు. స్ముర్న సంఘానికి యేసు చెర తప్పిస్తానన్లేదు, మరణం వరకు నమ్మకంగా ఉంటే జీవకిరీటం అన్నాడు. పోయినసారి నేను దాటేశాను. దేవుణ్ణి ఆశ్రయించినవాళ్లకు ఏ అపాయమూ రాదనే కీర్తన 91 చదువుతుంటే, భర్త పోయిన ఒకావిడ వెనక చాప మీంచి "మరి మావాడి విషయంలో నా ప్రార్థన చాల్లేదా?" అంది. బైబిల్ మూసేసి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.