రూఫ్ దించిన కారుకి అద్దాలు అమర్చడం

ఫోర్డ్ మోడల్ ఎ కూపే (రెండు తలుపుల పాత కారు) రూఫ్‌ని, దాన్ని మోసే స్తంభాలు కోసి వెల్డింగ్ చేసి, మూడు అంగుళాలు దించితే అద్దం కూడా మూడు అంగుళాలు తగ్గించి కోయిస్తే చాలనుకుంటారు. దయచేసి అలా లెక్కకట్టి కోయించకండి. వెల్డింగ్ వేడికి కిటికీ ఫ్రేము ఎంతో కొంత గుంజుకుంటుంది. ఎడమ తలుపు కొలత కుడి తలుపుకి సరిపోదు. వెల్డింగ్, గ్రైండింగ్ మొత్తం అయ్యాకే అద్దం జోలికి వెళ్లండి. గ్రైండర్ రవ్వలు అద్దానికి అంటుకుంటే ఆ గుంటలు ఇక పోవు.

ముందు అద్దమంత మందం, అంటే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో నమూనా చేయండి. అట్ట నాకు నచ్చదు, వంగిపోయి తప్పు కొలత చూపిస్తుంది. ఛానల్‌లో (అద్దం జారే గాడిలో) కొత్త ఫెల్ట్ (ఒత్తైన ఉన్ని పట్టీ) పెట్టి, నమూనాని అద్దంలాగే పైకీ కిందకీ నడపండి. పట్టేసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, అక్కడ మాత్రమే గరుకు కాగితంతో రుద్దండి. ఒక్క తోపుతో జారేదాకా ఓపిగ్గా చేయాల్సిన పని ఇదే. అద్దం కిందకి పూర్తిగా దిగుతోందో లేదో కూడా చూడండి.

కోతకి లామినేటెడ్ అద్దమే (రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్నది) తీసుకోవాలి. టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం మీద గాజు కోసే కట్టర్ పెట్టారా, మొత్తం పొడిపొడి అయిపోతుంది. అమెరికాలో విండ్‌షీల్డ్‌కి ఏఎస్1 (విండ్‌షీల్డ్‌కి పనికొచ్చే అద్దమని తెలిపే) ముద్ర ఉన్నదే వాడాలి. లామినేటెడ్‌కి రెండు వైపులా ఒకే గీత మీద కట్టర్ నడిపి, మెల్లగా వంచితే రెండు పొరలూ చిట్లుతాయి. మధ్యలో ప్లాస్టిక్ మిగులుతుంది, దాన్ని కాస్త వెచ్చజేసి సన్నని బ్లేడుతో కోయాలి. చేతికి గ్లౌజులు, కళ్లకి కళ్లజోడు తప్పనిసరి. అంచుల్ని నీళ్లు పోస్తూ నున్నగా అరగదీయండి.

బిగించేటప్పుడు అద్దం ఎక్కడా ఇనుముకి తగలకూడదు, మధ్యలో రబ్బరో ఫెల్టో ఉండాలి. స్క్రూలు చేత్తోనే, కొంచెం కొంచెంగా, అన్ని వైపులా సమంగా బిగించండి.