ఇంట్లో నల్లులు చేరితే ఎలా వదిలించుకోవాలి?

దసరా సెలవులకు హనుమకొండ హాస్టల్ నుంచి పిల్లవాడు తెచ్చిన బ్యాగు, చవకగా దొరికిందని కొన్న పాత మంచం, రైల్లో సీటు కింద పెట్టిన సూట్‌కేసు. నల్లి ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా ఇలాంటి దారుల్లోనే. ఇల్లు మురికిగా ఉంటేనే నల్లులు పడతాయన్నది ఉత్త మాట. వాటికి కావలసింది మన రక్తం, దాక్కోవడానికి ఒక సందు. కాబట్టి సిగ్గుపడి దాచవలసింది ఏమీ లేదు. దాచిన కొద్దీ పక్క గదికి పాకుతాయి.

ముందు అది నల్లేనా అని తేల్చుకోండి. ఒంటి మీది దద్దుర్లను చూసి నిర్ణయానికి రావద్దు. దోమ కుట్టినా దద్దుర్లు వస్తాయి, కొందరికి నల్లి కుట్టినా ఏమీ కనబడదు. ఒక టార్చిలైటు, పాత ఏటీఎం కార్డు తీసుకుని, పరుపు అంచున కుట్టు వెంబడి కార్డును మెల్లగా లాగండి. ఎదిగిన నల్లి మసూర్ పప్పు బద్దంత, నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. చదునుగా, గోధుమ రంగులో కనిపిస్తుంది. రెక్కలుండవు, గెంతదు. చాలాసార్లు దానికన్నా ముందు కంటబడేవి దాని రెట్ట తాలూకు నల్ల చుక్కలే. తడిగుడ్డతో తుడిస్తే ఆ చుక్క ఎర్రటి గోధుమ రంగు మరకగా పాకిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. నులక మంచమైతే పట్టెకు నులక చుట్టుకున్న చోట, కోడులోకి పట్టె దిగే రంధ్రం దగ్గర చూడండి.

తర్వాతి పని వేడితో. దాదాపు 50 డిగ్రీల వేడి తగిలితే నల్లీ, దాని గుడ్డూ రెండూ చస్తాయి. దుప్పట్లు, దిండు గలేబులను గదిలోనే కవర్లలో మూటగట్టి బయటికి తీసుకెళ్లి, బాగా కాగిన నీళ్లలో నానబెట్టి ఉతకండి. చెక్క మంచాన్ని ఆరుబయటికి తెచ్చి, ప్రతి కీలులో సలసల కాగే నీళ్లు పోయండి. మన ఓరుగల్లు ఎండ ఉండగా పరుపును మేడ మీద పడేస్తే చాలదా అంటారు. చాలదు. పైభాగం కాలుతుంటే నల్లులు కింది చల్లటి వైపుకు జారుకుంటాయి. బట్టలు, చెప్పులు, పుస్తకాల వంటి చిన్న వస్తువులనైతే నల్లటి పాలిథిన్ సంచిలో పలుచగా పరిచి, మూతి బిగించి, ఏప్రిల్, మే ఎండలో రోజంతా ఉంచితే పని జరుగుతుంది.

గోడ పగుళ్లను, మేకు రంధ్రాలను లప్పంతో పూడ్చండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, కోళ్ల కింద సబ్బు కలిపిన నీళ్ల గిన్నెలు పెట్టండి. డెంగీ దోమలకు చోటివ్వకుండా ఆ నీళ్లను రెండు మూడు రోజులకోసారి మార్చండి.

మందుల విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందును మంచానికి కొట్టవద్దు. ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను పడకగదిలో పెట్టవద్దు. వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు నిద్రలోనే మనుషుల ప్రాణాలు తీస్తుంది, గోడ అవతల ఉన్నవారిని కూడా వదలదు. కిరోసిన్ పూస్తే నిప్పంటుకునే ప్రమాదం తప్ప పెద్ద లాభం లేదు. దుకాణాల్లో దొరికే చాలా స్ప్రేలలో ఉండేవి పైరెత్రాయిడ్ మందులు, వాటికి నల్లులు చాలాచోట్ల మొండికెత్తాయి. ఇల్లంతా పాకిపోతే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి. ఏ మందు కొడుతున్నారో, ఎన్ని గంటలు బయట ఉండాలో ముందే అడగండి.

ఒక్కసారితో ఇది తీరేది కాదు. మిగిలిపోయిన గుడ్లు ఆరు నుంచి పది రోజుల్లో పొదుగుతాయి. అందుకే పది, పన్నెండు రోజులకు మొత్తం పనిని మళ్లీ మొదటి నుంచి చేయాలి. గది ఖాళీ చేసి తాళం వేస్తే ఆకలికి చస్తాయనుకోవద్దు, తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. నల్లుల వల్ల జబ్బులు వ్యాపిస్తాయనడానికి ఆధారాలు లేవు గాని, గోకి పుండు చేసుకుంటే చీము పడుతుంది. దద్దుర్లు బాగా వాచితే డాక్టరుకు చూపించండి.

వారానికోసారి టార్చి పట్టుకుని కుట్లు చూస్తూ ఉండండి. రెండు నెలల పాటు కొత్త చుక్కలు కనబడకపోతే గిన్నెలు తీసేయవచ్చు.