పాత బొమ్మల వేట – మూడో పాఠం: వస్తువు వయసు చదవడం

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ఒక పాత సామాన్ల కొట్టుకు, ఒక వారపు అంగడికి వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగి, కంటబడిన పాత బొమ్మలు, డబ్బాలు, పుస్తకాలు నోటుబుక్కులో రాసుకోమన్నాను. చేసినవాళ్లు ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. చెయ్యనివాళ్లు ఈ పాఠం చదివాక వెళ్లండి.

మన వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాత బొమ్మలు పాత ఇనుము మధ్యలోనే దొరుకుతాయి. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు బస్తాలో వేసిన గిన్నెలు, తాళాలు, విరిగిన ఫ్యాన్ రెక్కలు, వాటి అడుగున ఒక రేకు బొమ్మ. హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్‌కో, ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికో వెళ్తే, అమ్మేవాళ్లలో చాలామందికి ఏది ఎంత పలుకుతుందో తెలుసు. ఇక్కడ అలా కాదు. ఇక్కడ పాతదానికి ఉన్న పేరు ఒక్కటే: "నైజాం కాలంనాటిది."

ఆ మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఒకసారి స్టేషన్ రోడ్డు వైపు ఒక కొట్టులో కీ ఇస్తే నడిచే రేకు బస్సు కనబడింది. ఎర్ర రంగు, కిటికీల్లో ప్రయాణికుల ముఖాలు అచ్చు వేసి ఉన్నాయి. కొట్టు పెద్దాయన, "నైజాం కాలంనాటిది బిడ్డా, మా నాయిన కొన్నడు. ఎనిమిది వందలియ్యి" అన్నాడు. బస్సును తిప్పి అడుగు చూశాను. కంపెనీ చిరునామా చిన్న అక్షరాల్లో ఉంది. బొంబాయి పక్కన 400తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య.

అది పిన్‌కోడ్. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. నిజాం పాలన ముగిసింది 1948 సెప్టెంబరులో. మధ్యలో దాదాపు ఇరవై నాలుగేళ్లు. ఆ మాట పెద్దాయనకు చెప్పి, అంకెలు చూపించాను. అద్దాలు పెట్టుకుని నిదానంగా చూశాడు. "అయితే మా నాయిన కాదు, మా అన్న కొన్నడేమో" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న వస్తువు ఎవరికైనా అలాగే గుర్తుంటుంది. రెండు వందల యాభైకి ఇచ్చాడు. ఆ బస్సు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

ఈ పాఠమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి: వస్తువు మీద ఉన్న గుర్తులన్నింటిలో ఏది కొత్తదో చూడాలి. వస్తువు దానికన్నా పాతది అయ్యే వీలు లేదు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు. పాత గుర్తు ఒకటి కనబడగానే మనసు దానికే అతుక్కుంటుంది. పాత గుర్తు కొత్త వస్తువు మీద కూడా ఉండొచ్చు. పాత అచ్చు, పాత బొమ్మ, పాత పేరు ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు. ఇంకా పుట్టని గుర్తు మాత్రం పాత వస్తువు మీదికి వచ్చే వీలు లేదు.

చిరునామా

ముందు చిరునామా వెతకండి. నా అనుభవంలో అన్నింటికంటే ఎక్కువ చెప్పేది ఇదే. బొమ్మ అడుగున, పెట్టె పక్కన, పుస్తకం చివరి పేజీలో, కీ ఇచ్చే రంధ్రం చుట్టూ కూడా ఉంటుంది.

పెద్ద నగరాల్లో పిన్‌కోడ్ రాకముందు ఒకటి రెండు అంకెల తపాలా సంఖ్య ఉండేది. దీనికి చందమామను మించిన ఉదాహరణ లేదు. చందమామ కార్యాలయం వడపళనిలో ఉండేది. పాత సంచికల్లో చిరునామా "మద్రాసు-26" అని ఉంటుంది. తర్వాత అదే చోటు 600 026 అయింది. చివరి రెండంకెలు చూడండి, పాత సంఖ్యే కొత్తదాంట్లో ఒదిగింది. బొంబాయి, కలకత్తా బొమ్మల మీద కూడా ఇదే పద్ధతి. "కలకత్తా-7" అన్నట్టు ఉంటే పాత తీరు, ఆరంకెలుంటే 1972 తర్వాతది. మన ఊరి డబ్బా మీద వరంగల్ 506002 అనో, హనుమకొండ 506001 అనో ఉన్నా అంతే.

ఊళ్ల పేర్లు కూడా పనికొస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ముంబయి అని ఉంటే 1995కు ముందుది కాదనుకోవచ్చు. అలాగే చెన్నై అని ఉంటే 1996, కోల్‌కతా అని ఉంటే 2001. బొంబాయి అని ఉన్నంత మాత్రాన 1995కు ముందుదని తేల్చకండి. పాత లేబుళ్లు అయిపోయేదాకా వాడుకునే కంపెనీలు ఉంటాయి. రాష్ట్రం పేరుదీ ఇదే లెక్క. వరంగల్ పక్కన ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబరుకు ముందుది కాదు, తెలంగాణ రాష్ట్రం అని ఉంటే 2014 జూన్ తర్వాతది.

ధర

ధర అచ్చు వేసి ఉంటే మీ అదృష్టం. 1957 ఏప్రిల్ 1న మన రూపాయి దశాంశ పద్ధతిలోకి మారింది. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. కొత్తగా వచ్చినదాన్ని నయా పైసా అన్నారు. 1964 జూన్ 1 నుంచి 'నయా' పోయి పైసా మిగిలింది. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం మీద ధర అణాల్లో ఉంటే అది ఇంచుమించు 1957కు ముందుది. ఇంచుమించు అని ఎందుకంటున్నానంటే, మారిన కొత్తలో జనం రెండు లెక్కలూ కలిపి వాడారు. నయా పైసలు అని ఉంటే 1957, 1964 మధ్యది. ఇంత ఇరుకైన కాలాన్ని పట్టిచ్చే గుర్తు మరొకటి దొరకడం కష్టం. అందుకే పాటల పుస్తకాల కట్ట దొరికితే నేను ముందు చూసేది నాలుగో అట్ట మీద ధర, తర్వాతే సినిమా పేరు.

మరో చివర, రూపాయి గుర్తు ₹ 2010 జూలైలో వచ్చింది. పాత బొమ్మల చిత్రాలతో ఉన్న రేకు డబ్బా మీద ఆ గుర్తు అచ్చులో ఉంటే అది కొత్త డబ్బా. అందంగా ఉంటే కొనుక్కోండి, పాతదని మాత్రం కొనకండి.

దేశం పేరు

ఇది త్వరగా చెప్పేస్తాను. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1990కి ముందుది, సోవియట్ యూనియన్ అని ఉంటే 1991కి ముందుది. మన ఇళ్లలో ఈ రెండోది బొమ్మల కన్నా పుస్తకాల మీద ఎక్కువ కనిపిస్తుంది. విశాలాంధ్ర దుకాణాల్లో అమ్మిన సోవియట్ పిల్లల పుస్తకాలు, మందపాటి కాగితం, రంగుల బొమ్మలు. వాటి మీద రాదుగ ప్రచురణాలయం పేరుంటే 1982కు ముందుది కాదు, ఆ సంస్థ మొదలైందే అప్పుడు. మొదటి కాగితాల మధ్య ఏ పిల్లాడో పెన్సిల్‌తో రాసుకున్న పేరు ఉంటే చెరపకండి.

ఏడాది అచ్చు, అందులో ఉన్న మోసం

ఇక్కడ ఆగి నెమ్మదిగా చదవండి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నేనూ పోగొట్టుకున్నాను.

హాట్ వీల్స్ బుల్లి కార్లు 1968లో అమెరికాలో మొదలయ్యాయి. కారు అడుగున ఒక ఏడాది ఉంటుంది. ఒక జాతరలో పాత సామాన్లు పరిచిన చోట 1969 అని ఉన్న కారు చూసి, చేతులు వణుకుతుండగా ఆరు వందలిచ్చి కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే పక్కనే మలేషియా అని ఉంది. అడుగున ఉండే ఏడాది ఆ అచ్చు హక్కు నమోదైన ఏడాది. కారు తయారైన ఏడాది కాదు. ఒకే అచ్చును ఇరవై ముప్పై ఏళ్లయినా వాడతారు, ఏడాది మారదు. తొలి ఏళ్లలో ఆ కార్లు అమెరికా, హాంకాంగ్‌లలో తయారయ్యాయి. మలేషియా, థాయిలాండ్ తర్వాత వచ్చాయి. అంటే నా కారు మీద పాత గుర్తు 1969, కొత్త గుర్తు మలేషియా. సూత్రం ప్రకారం మలేషియాదే మాట. ఆ రోజు నేను ఏడాది చదివి దేశం చదవలేదు.

జి.ఐ.జో సైనికుల బొమ్మలకూ ఇదే లెక్క. మన దేశంలో వాటిని తయారు చేసింది ఫన్‌స్కూల్. ఆ కంపెనీ 1987లో మొదలైంది. బొమ్మ వీపు మీదో కాలి మీదో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో పేరుతో 1983 అని ఉండి, పక్కన ఇండియా అని ఉంటే 1983 అన్నది అచ్చు వయసు. బొమ్మ 1987 తర్వాతదే. అంత మాత్రాన తక్కువది అనుకోవద్దు. ఫన్‌స్కూల్ వాడిన రంగుల కలయికల్లో కొన్ని వేరే దేశాల బొమ్మల్లో లేవు. వాటికోసమే వెతికే సేకర్తలు బయటి దేశాల్లో చాలామంది ఉన్నారు. ఇండియా అన్న మాటే దాని విలువ.

లెస్నీ అనే ఇంగ్లండ్ కంపెనీ చేసిన మ్యాచ్‌బాక్స్ బుల్లి కారు దొరికితే పని తేలిక. అడుగున ఇంగ్లండ్, లెస్నీ అని ఉంటుంది. ఆ కంపెనీ 1982లో దివాలా తీసింది. కాబట్టి ఆ కారు చాలావరకు అంతకుముందుదే.

చందమామలో కూడా ఈ ఉచ్చు ఉంది. తెలుగు చందమామ 1947 జూలైలో మొదలైంది. పాత ధారావాహికలను ఆ పత్రిక తర్వాతి ఏళ్లలో మళ్లీ వేసింది. కథ మీకు తెలిసినదే, మీ తాత చెప్పినదే కావచ్చు. సంచిక వయసు మాత్రం నెల, ఏడాది ఉన్న చోటే చూడాలి. ఇళ్లలో పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించేవాళ్లు. బైండు చేసేటప్పుడు ముఖచిత్రాలు తీసేసి, అంచులు కోసేవాళ్లు ఉండేవారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు ఉన్నాయా లేదా చూసి ధర మాట్లాడండి. అట్టలున్న సంపుటికీ లేనిదానికీ నేను సగానికి సగం తేడా పెడతాను.

మరమ్మతు సంగతి

సూత్రానికి ఒక్క మినహాయింపు ఉంది. నిర్మల్ పిట్ట ఒకటి ఇంట్లో ఉందనుకోండి. నిర్మల్ బొమ్మలు పొణికి కర్రతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే కొయ్య అని నమ్మలేనంత తేలిక. అతుకులకూ, నునుపు చెయ్యడానికీ చింతగింజల ముద్ద వాడతారు. ఇప్పుడు ఆ పిట్ట ముక్కు దగ్గర తెల్లటి జిగురు కారి గట్టిపడి కనబడింది. ఫెవికాల్ వచ్చింది 1959లో. అయితే పిట్ట 1959 తర్వాతదేనా? కానక్కర్లేదు. ముక్కు విరిగితే ఇంట్లోవాళ్లు అతికించి ఉంటారు.

తేడా ఎలా పట్టుకోవాలి? కొత్త గుర్తు వస్తువు అంతటా ఉందా, ఒక్క చోటే ఉందా చూడండి. అన్ని అతుకుల్లో అదే జిగురు ఉంటే పుట్టుకతో వచ్చింది. విరిగిన ఒక్క చోటే ఉంటే మరమ్మతు. రంగుదీ అంతే. కన్ను ఒక్కటే మెరుస్తూ మిగతా ఒళ్లు వెలిసిపోయి ఉంటే, ఎవరో ఆ కన్ను మళ్లీ వేశారు. రేకు బొమ్మల్లో పాతవాటికి సాధారణంగా స్క్రూలు ఉండవు. ఒక రేకు అంచున ఉన్న చిన్న చెవులను రెండో రేకు చీలికలో దూర్చి వంచుతారు. ఒక చెవి తెగి, ఆ ఒక్క చోట స్క్రూ ఉంటే బాగుచేసినది. చెవులు అసలే లేకుండా అంతటా స్క్రూలుంటే అది వేరే కాలం బొమ్మ.

పాతదానిలా కనిపించేలా చేసిన కొత్త రేకు బొమ్మలు కూడా అమ్మకానికి వస్తున్నాయి. వీటిని అరుగుదల పట్టిస్తుంది. పిల్లల చెయ్యి పడే చోటే బొమ్మ అరుగుతుంది: కీ చుట్టూ, చక్రాల అంచులు, బస్సు పైకప్పు మూలలు. చెయ్యి చేరని సందుల్లో రంగు నిలిచి ఉంటుంది, అక్కడ మట్టి కూడా ఉంటుంది. ఒళ్లంతా ఒకే తీరుగా తుప్పు, కీ దగ్గర మాత్రం రంగు చెక్కు చెదరకుండా ఉంటే దించేసి రండి.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. పాత బొమ్మల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పెచ్చులూడుతున్న బొమ్మను చిన్నపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రంగును గీకకండి, ఉప్పుకాగితం అసలే పెట్టకండి.

ఈ వారం పని

ఇంట్లోంచే మొదలుపెట్టండి. అటక మీది నుంచి, అమ్మమ్మ పెట్టెలోంచి, దేవుడి గది అల్మారాలోంచి అచ్చు అక్షరాలున్న ఐదు పాత వస్తువులు తియ్యండి. బొమ్మలే కానక్కర్లేదు. పౌడరు డబ్బా, గ్రామఫోన్ రికార్డు కవరు, పెళ్లి శుభలేఖ, ఏదైనా సరే. ఒక్కోదానికి ఒక పేజీ. చిరునామా, ధర, దేశం, ఏడాది విడివిడిగా రాయండి. వాటిలో కొత్తది ఏదో దాని కింద గీత గీసి, "దీనికన్నా పాతది కాదు" అని ఏడాది వెయ్యండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఇది ఎప్పుడు కొన్నారని. వాళ్లు చెప్పింది కూడా వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకోండి. రెండూ కలవకపోతే దేన్నీ కొట్టెయ్యకండి.

ఆ తర్వాత అంగడికి. జేబులో చిన్న భూతద్దం, ఫోన్ టార్చి చాలు. కనీసం పది వస్తువులు తిప్పి చూసేదాకా ధర అడగొద్దు. తిప్పే ముందు "చూడొచ్చా అన్నా?" అని అడగండి, చూశాక ఎక్కడిదక్కడే పెట్టండి.

నాలుగో పాఠంలో బేరం. ఈ వారం నింపిన ఐదు పేజీలు అప్పుడు కావాలి.