లింగువల్ బ్రేసెస్: తప్పు వైర్‌దా, బ్రాకెట్‌దా?

పన్ను ఇంకా వంకరగానే ఉందనగానే చాలామంది చెయ్యి ప్లయర్ మీదకు వెళ్తుంది. లింగువల్‌లో, అంటే పళ్ల లోపలి వైపు అంటించే బ్రేసెస్‌లో, అది తొందరపాటే. నాలుక వైపు బ్రాకెట్ల మధ్య దూరం తక్కువ కాబట్టి, ఇక్కడ ఒక పన్ను కోసం వేసిన వంపు పక్క పళ్లనూ కదిలిస్తుంది. ముందు అద్దం పెట్టి, వైర్ స్లాట్ (బ్రాకెట్‌లో వైర్ కూర్చునే గాడి) అడుగు దాకా దిగిందో లేదో ప్రోబ్‌తో తడిమి చూడండి.

మెలిక తిరిగిన పన్ను సర్దుకోవడం లేదు

సాధారణంగా వైర్ అడుగుకు చేరలేదని అర్థం. స్లాట్ నాలుక వైపుకు తెరుచుకునే బ్రాకెట్లలో మామూలు ఎలాస్టిక్ ముడి చాలదు. డబుల్ ఓవర్ టై వేయండి: వైర్ పెట్టకముందే పవర్ చైన్ (సాగే ఎలాస్టిక్ గొలుసు) ముక్కను బ్రాకెట్‌కు తగిలించి, వైర్ పెట్టాక దాని మీదుగా లాగి మళ్లీ రెక్కలకు వేయాలి. కింది ముందు పళ్లు బాగా ఇరుకుగా ఉంటే 0.012 లేదా 0.014 అంగుళాల నైటై (నికెల్-టైటానియం) వైర్ వాడండి. అప్పటికీ దిగకపోతే ఓపెన్ కాయిల్‌తో (పళ్లను ఎడంగా నెట్టే స్ప్రింగ్) చోటు చేసి, ఆ పన్నును తర్వాత కలపండి. బలవంతంగా నొక్కితే బ్రాకెట్ ఊడుతుంది, పేషెంట్‌కు మరో అపాయింట్‌మెంట్, మీకు టెన్షన్.

వైర్ పూర్తిగా దిగింది, అయినా ఒక పన్ను అంచు పైకో కిందికో ఉంది

అసలు చిక్కు ఇదే. లింగువల్‌లో స్లాట్ పన్ను ముందు ముఖానికి దూరంగా ఉంటుంది. అందుకే టార్క్ (పన్ను వాలును మార్చే మెలితిప్పు) తప్పితే వాలుతోపాటు అంచు ఎత్తూ మారిపోతుంది, చూసేవారికి అది ఎత్తు తప్పులా కనిపిస్తుంది. పక్క నుంచి చూడండి. వాలు సరిగ్గా ఉండి అంచు మాత్రమే తేడా అయితే బ్రాకెట్ ఎత్తు తప్పింది. వాలు కూడా తేడాగా ఉంటే టార్క్ తప్పింది. గుండ్రటి వైర్ ఉండగా ఈ తీర్పు ఇవ్వొద్దు, 0.018 స్లాట్‌లో 0.016×0.022 వైర్‌కే ఇంకా కొంత ఆట (వదులు) ఉంటుంది.

పన్ను పెదవి వైపుకు పొడుచుకొస్తే మాత్రం బ్రాకెట్ బేస్ కింద కంపోజిట్ (అంటించే రెసిన్) మందాన్ని అనుమానించండి. ట్రాన్స్‌ఫర్ ట్రే (బ్రాకెట్లను మోడల్ నుంచి పళ్ల మీదకు చేర్చే అచ్చు) సరిగ్గా కూర్చోకపోతే ఆ మందమే పన్నును ముందుకు నెడుతుంది.

తేడా చిన్నదై, ఫినిషింగ్ దశలో ఉంటే వైర్ వంచితే చాలు. మొదట్లోనే కనిపిస్తే బ్రాకెట్ తీసి మళ్లీ అంటించడమే మేలని నా అభిప్రాయం. లేకపోతే వేసే ప్రతి వైర్‌లో అదే వంపు మళ్లీ వేయాలి. సెటప్ మోడల్ (పళ్లను సరిచేసి అమర్చిన నమూనా) మీద ఆ ఒక్క పన్నుకు ట్రే చేయించండి. పాత కంపోజిట్ తీసి, బేస్‌ను 50 మైక్రాన్ల అల్యూమినాతో శాండ్‌బ్లాస్ట్ చేయండి. తర్వాత ఎనామెల్‌ను యాసిడ్‌తో ఎచ్ చేసి (గరుకు చేసి), లాలాజలం తగలకుండా అంటించండి.

వైర్ జారడం ఆగిపోయింది

నాలుక వైపు కోరపన్నుకూ ప్రీమోలార్‌కూ (దాని వెనుక చిన్న దవడ పన్ను) మధ్య మెట్టులాంటి తేడా ఉంటుంది. జపాన్ ఆర్థోడాంటిస్ట్ కిన్యా ఫుజిటా 1979లో ప్రచురించిన మష్రూమ్ (పుట్టగొడుగు) వైర్ ఆకారం దానికోసమే. ఖాళీలు మూసే కొద్దీ వైర్‌లోని ఆ మెట్టు వంపు వెనక్కి జరిగి ప్రీమోలార్ బ్రాకెట్‌కు తగులుతుంది. అందుకే వంపును కోరపన్ను బ్రాకెట్‌కు దగ్గరగా వేసి, వెనుక జారడానికి చోటు ఉంచాలి.

ఖాళీ మూస్తుంటే ముందు పళ్లు లోపలికి వాలి, ప్రీమోలార్లు బయటికి ఉబ్బుతున్నాయి

ఇది బోయింగ్ (పళ్ల వరస విల్లులా వంగడం), బ్రాకెట్‌ను పీకకండి. పవర్ చైన్ బలం తగ్గించి, గట్టి స్టీల్ వైర్‌లో ముందు పళ్లకు అదనపు టార్క్ ఇవ్వండి. మోలార్లు (వెనుక పెద్ద దవడ పళ్లు) తిరుగుతుంటే బయటి వైపు పంటి రంగు బటన్లు పెట్టి, చైన్‌ను రెండు వైపుల నుంచీ లాగండి.