ఎంజీబీ దగ్గుకి నాలుగు చుక్కల నూనె

నాచారంలోని మా చిన్న షెడ్డుకి ఒక పాత ఎంజీబీ, అంటే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, వచ్చింది. 1798 సీసీ ఇంజిన్, పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లు రెండు. ఐడిలింగ్ బాగానే ఉంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఒకసారి దగ్గి అప్పుడు అందుకునేది. ప్లగ్గులు మార్చాను, ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ.కి సరిచేశాను. రెండు రోజులు దండగ.

చివరికి షెడ్డులో కుర్రాడు, "అన్నా, పైన నూనె చూసినవా?" అన్నాడు. కార్బ్యురేటర్ల మీది మూతలు తిప్పితే రెండూ ఎండిపోయి ఉన్నాయి! ఆ నూనె లేకపోతే, తొక్కగానే కార్బ్యురేటర్ లోపలి చిన్న పిస్టన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. 20 గ్రేడు నూనె పోశాను. మూతకి ఉన్న డ్యాంపర్ రాడ్‌ని నూనెలోకి దించేటప్పుడు కాస్త అడ్డు తగలాలి, నూనె సరిపోయిందనడానికి అదే గుర్తు.

బంజారాహిల్స్ ఎత్తు మీద తొక్కి చూశా, ఒక్క దగ్గు లేదు. కుర్రాడికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇంకా బాకీ.