ప్యాకింగ్ ఫిల్మ్ మీద అచ్చు – 3వ పాఠం: ఏ వైపు, ఎన్ని డైన్లు?

పోయిన పాఠంలో ఇంకుల సంగతి చూశాం. ఎంత మంచి ఇంకైనా ఫిల్మ్ పట్టుకోకపోతే దండగే. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పావుకిలో ప్యాకెట్లు వేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అచ్చు తళతళలాడుతూ వస్తుంది, కొట్లో నాలుగు చేతులు మారేసరికి పేరు సగం చెరిగిపోతుంది.

పాలిథీన్, బీఓపీపీ (రెండు దిశల్లో సాగదీసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్) సహజంగా దేన్నీ అంటనివ్వవు. ఫిల్మ్ పైభాగం ఇంకుని ఎంత పట్టుకోగలదో చెప్పేది ఉపరితల శక్తి, దాన్ని డైన్లలో కొలుస్తారు. వీటికది సెంటీమీటరుకి సుమారు 30 డైన్లు. ఇంకు పట్టాలంటే 38 అయినా ఉండాలి. అందుకే మిల్లులో ఫిల్మ్‌ని హై వోల్టేజి కరెంటు కింద నడిపిస్తారు. దాన్ని కరోనా ట్రీట్‌మెంట్ అంటారు. పాలిస్టర్ అయితే ట్రీట్ చెయ్యకుండానే 42 దాకా ఉంటుంది, చేస్తే 50 దాటుతుంది.

డీలర్‌ని ‘ట్రీటెడ్ ఫిల్మేనా?’ అని అడిగితే ఔననే అంటాడు. ఏ వైపు చేశారో అడగండి: రోల్ లోపలి వైపా, బయటి వైపా? ఒక్క పొర పాలిథీన్ సంచికి ఒక వైపే ట్రీట్‌మెంట్ ఉండాలి. రెండు వైపులా ఉంటే సీలింగ్ సరిగా అతకదు, రోల్‌లో పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి కూడా. తర్వాత తయారీ తేదీ. ట్రీట్‌మెంట్ శాశ్వతం కాదు. ఫిల్మ్ జారడానికి కలిపిన మందు లోపల్నుంచి మెల్లగా పైకి తేలి డైన్లని తగ్గిస్తుంది. వేడి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు గొడౌన్ల సంగతి తెలిసిందే కదా! రెండు మూడు నెలలకి సరిపడానే కొనండి. చవగ్గా వస్తుందని పాత స్టాకు రోల్ తీసుకుంటే దాన్ని అచ్చులేని లోపలి సంచులకి వాడుకోవాల్సిందే, ప్రింటింగ్‌కి నేనైతే తీసుకోను.

పెద్ద మిల్లులు టన్నుల్లో అమ్ముతాయి కాబట్టి మనకి విశాఖ, హైదరాబాద్ డీలర్లే దిక్కు. వాళ్లు కిలో లెక్కన ఇస్తారు, మనకి కావాల్సింది వైశాల్యం. 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం బీఓపీపీ కిలోకి 55 చదరపు మీటర్లు వస్తుంది. అదే మందం పాలిస్టర్ 36కి మించి రాదు. రేటు పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే లెక్క తలకిందులే.

సరుకు దిగాక, డబ్బు కట్టకముందే పరీక్ష చెయ్యండి. పైన రెండు మూడు చుట్లు తీసేసి, చేత్తో ముట్టుకోకుండా (చెమట జిడ్డు చాలు, లెక్క తప్పడానికి) ట్రీట్ చేసిన వైపు 38 డైన్ పెన్‌తో (డైన్లు పరీక్షించే ద్రవం నింపిన పెన్) అడ్డంగా గీత గియ్యండి. రెండు సెకన్లు చెక్కుచెదరకుండా నిలిస్తే 38 ఉన్నట్టే. చేమాకు మీద నీళ్లలా చుక్కలుగా విడిపోతే రోల్ తిప్పి పంపండి. రెండు అంచుల్లోనూ, మధ్యలోనూ గీసి చూడాలి, ఎందుకంటే ఒక్కోసారి ఒక పట్టీ మేర ట్రీట్‌మెంట్ తప్పిపోతుంది. గడువు దాటిన పెన్‌ని నమ్మొద్దు. పెన్ లేకపోతే రెండు వైపులా నీటిచుక్క వేయండి. ఎక్కువ పరుచుకున్న వైపే ట్రీట్ చేసింది. డైన్లు ఎన్నో మాత్రం అది చెప్పదు.

చివరగా గజం ముక్క అచ్చువేసి, ఆరాక సెల్లోటేప్ గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుకి ఇంకు వస్తే ఆ రోజు మెషిన్ ఎక్కించకండి. వచ్చే పాఠం లామినేషన్. అప్పటిలోగా మీ దగ్గరున్న రోల్స్ కోర్ (మధ్యలోని గొట్టం) మీద ట్రీట్ చేసిన వైపు, తయారీ తేదీ మార్కర్‌తో రాసి పెట్టండి.